'స్వల్ప అసౌకర్యం' అంటే ఎంత?

బట్టతలమీద వెండ్రుకలు నాటే శస్త్రచికిత్సలో నొప్పి ఉంటుందా? ఆ ప్రశ్నకు తెలుగులో జవాబు వ్రాయవలసి వచ్చిన ఒక అనువాదకుడు, చివరకు తానే ఆ బల్లమీద పడుకుని తెలుసుకున్న సంగతులు

నాలుగేళ్ల క్రితం హైదరాబాదులో ఒక చర్మవైద్యురాలు నాకు నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం ఇచ్చి తెలుగు చేయమన్నారు. తలమీద వెండ్రుకలు నాటించుకొనేవారు శస్త్రచికిత్సకు ముందు చదివి సంతకం పెట్టవలసిన అంగీకారపత్రం అది. ఇరవై ఏళ్లుగా అనువాదాలమీదనే బ్రతుకుతున్నవాణ్ణి. నవలలతోపాటు మందుల పెట్టెలలో మడిచి పెట్టే కరపత్రాలు కూడా తెలుగు చేసినవాణ్ణి. ఆ నాలుగు పేజీలు నాకొక పూట పని. ఒక్క మాట దగ్గర మాత్రం కలం ఆగిపోయింది. చికిత్స సమయంలో రోగికి 'మైల్డ్ డిస్కంఫర్ట్' కలగవచ్చునని అందులో ఉన్నది.

దానికి తెలుగేమిటి? 'నొప్పి' అందామంటే, మూలంలో వ్రాసినవాడు పనిగట్టుకుని ఆ మాటను తప్పించాడు. 'బాధ' మనసుకు కూడా వర్తిస్తుంది. 'ఇబ్బంది' అందామా, రైలులో సీటు దొరకకపోవడం కూడా ఇబ్బందే. చివరకు 'స్వల్ప అసౌకర్యం' అని వ్రాసి, కాగితం అప్పగించి, ప్రతిఫలం పుచ్చుకుని వచ్చేశాను. ఆ మాటలో వ్యాకరణదోషం లేదు. చదివేవాడికి మాత్రం అది ఏమీ చెప్పదు. ఆ సంగతి నాకు రెండేళ్ల తరువాత, అదే వైద్యురాలి బల్లమీద బోర్లా పడుకున్నప్పుడు తెలిసివచ్చింది.

అయినా ఈ వ్యాసం వ్రాయడానికి కారణం నా తల కాదు. మా మేనల్లుడి తల. వాడికి ఇరవైమూడేళ్లు. పోయిన సంవత్సరం ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, నా నెత్తివంక పరీక్షగా చూసి, "మామయ్యా, నిజం చెప్పు. నొప్పి పుడుతుందా?" అని అడిగాడు. నగరంలో ఒకచోట అప్పటికే కొంత సొమ్ము ముందుగా కట్టి వచ్చాడు. 'ఒక్క రోజులో ఐదువేల మూలాలు, నొప్పి లేకుండా' అన్నది అక్కడివారి ప్రకటన. వాడికి నేను చెప్పిన జవాబే ఇది.

నారుమడి, నాట్లు

ముందు నా సంగతి. నలభైరెండవ ఏట ఒక పుస్తకావిష్కరణ సభలో ఎవరో వెనుకనుంచి తీసిన ఫోటో చూస్తూ, ముందువరుసలో కూర్చున్న బట్టతల పెద్దమనిషిని చూపించి, "ఈయన ఎవరు?" అని మా ఆవిడను అడిగాను. ఆవిడ జవాబు చెప్పకుండా నవ్వింది. అది నేనే. ఆ ఒక్క నవ్వుకే శస్త్రచికిత్సకు సిద్ధపడ్డానంటే నమ్మబుద్ధి కాదుగాని, మనిషి చేసే పనులకు కారణాలు తరచుగా అంత చిన్నవే.

బట్టతల వచ్చినవారికి కూడా తల వెనుక, చెవుల పైన జుట్టు మిగిలి ఉండడం అందరం చూసినదే. పురుష హార్మోనునుంచి శరీరంలో తయారయ్యే డైహైడ్రోటెస్టోస్టెరోన్ అనే పదార్థానికి, వంశపారంపర్యంగా నుదుటి పైభాగంలోను, నడినెత్తిలోను ఉన్న కేశమూలాలు లొంగిపోయి క్రమంగా సన్నబడతాయి. వెనుకభాగంలోని మూలాలు సామాన్యంగా లొంగవు. వాటిని తెచ్చి ముందు నాటితే? 1952లో న్యూయార్కులో నార్మన్ ఓరెంట్రైచ్ అనే చర్మవైద్యుడు ఆ పనే చేశాడు. కొత్త చోటికి తరలించినా ఆ మూలాలు తమ పాత గుణాన్ని వదలవని 1959లో ప్రకటించాడు. అంతకుముందే, 1939లో, జపాను వైద్యుడు షోజీ ఒకుడా ఇటువంటి పద్ధతినే వెలువరించినా, యుద్ధకాలపు గందరగోళంలో అది పాశ్చాత్య వైద్యుల కంటపడలేదు.

ఓరెంట్రైచ్ కాలంలో నాటినవి సుమారు 4 మిల్లీమీటర్ల వెడల్పుగల చర్మపు బిళ్లలు. అవి మొలిచిన తల బొమ్మ తలలాగా కుచ్చులు కుచ్చులుగా కనిపించేది. ఇప్పుడు ఒకటినుంచి నాలుగు వెండ్రుకలుండే సహజమైన గుత్తులనే విడదీసి నాటుతున్నారు. తల వెనుకనుంచి సన్నని చర్మపు పట్టీ కోసి, కుట్లు వేసి, ఆ పట్టీలోని గుత్తులను సూక్ష్మదర్శిని క్రింద వేరుచేయడం ఒక పద్ధతి. మిల్లీమీటరుకు మించని గొట్టపు కత్తితో ఒక్కొక్క గుత్తినే పెళ్లగించడం రెండవది. మన రైతుకు ఇందులో వింత ఏమీ తోచదు. నారుమడిలో నారు పీకి పొలంలో నాట్లు వేయడమే ఇది. పొలానికీ తలకూ ఉన్న తేడా ఒక్కటే: ఈ నారుమడి జీవితకాలానికి ఒక్కసారే. పీకిన చోట మళ్లీ నారు మొలవదు.

చురుకు, మంట, తీపు

ఉదయం ఎనిమిదింటికి తల నున్నగా గొరిగారు. బల్లమీద బోర్లా పడుకున్నాను. వైద్యురాలు నా చెవి దగ్గరకు వంగి, "మొదటి పది నిమిషాలు నన్ను తిట్టుకుంటారు. తరువాత బహుశా నిద్రపోతారు. మధ్యాహ్నం మళ్లీ ఒక పది నిమిషాలు తిట్టుకుంటారు. మిగిలినదంతా ఓపిక పరీక్ష" అన్నారు. నా అనువాదంలోని నాలుగు పేజీలకంటే ఆ నాలుగు వాక్యాలలో ఎక్కువ సమాచారం ఉన్నది. సరిగ్గా అలాగే జరిగింది.

ఈ చికిత్స మొత్తంలో అసలు నొప్పి కత్తిది కాదు, కత్తి తెలియకుండా చేసే సూదిది. తల వెనుక అడ్డంగా పదుల సంఖ్యలో సూదులు గుచ్చి లిగ్నోకెయిన్ అనే మందు ఎక్కిస్తారు. పళ్లవైద్యుని దగ్గర చిగుళ్లకు వేసేదీ సాధారణంగా ఈ జాతి మందే. సూది దిగినప్పుడు కలిగేది చురుకు. అది క్షణకాలం. వెంటనే మందు వ్యాపిస్తూ ఉంటే కలిగేది మంట. ఇవి రెండూ వేరు. మందులో ఆమ్లగుణం ఉండడం ఆ మంటకు ముఖ్య కారణం. అందుకే కొందరు వైద్యులు అందులో కొద్దిగా సోడియం బైకార్బొనేట్ కలుపుతారు. మందును శరీరపు వేడికి తెచ్చి, మెల్లమెల్లగా ఎక్కిస్తారు. ఈ మూడింటివల్లా మంట తగ్గుతుంది. తొందరపడే చేయి మంటను పెంచుతుంది.

సూది గుచ్చుతున్న చోటుకు అంగుళం దూరంలో గుర్రుమని కంపించే చిన్న యంత్రాన్ని ఒక నర్సు అదిమి పట్టుకున్నది. మోకాలికి దెబ్బ తగిలితే మనం చప్పున అరచేత్తో రుద్దుకుంటాము కదా. రుద్దితే ఎందుకు ఉపశమిస్తుందో 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం ద్వారా వివరించారు. నొప్పి వార్త మెదడుకు చేరే దారిలో, వెన్నుపాములో ఒక వాకిలి వంటిది ఉన్నదనీ, స్పర్శ, కంపనం వంటి వార్తలు ముందుగా వచ్చి ఆ వాకిలిని కొంత మూసివేస్తాయనీ వారి భావన. ఆ సిద్ధాంతంలోని వివరాలు తరువాత కొంత మారినా, ఆ నర్సు చేతిలోని యంత్రం వెనుక ఉన్నది ఆ ఆలోచనే.

పది నిమిషాలకు నా తల వెనుకభాగం నాది కాకుండా పోయింది. నొప్పి లేదు, శబ్దం మాత్రం ఉన్నది. గొట్టపు కత్తి దిగినప్పుడల్లా పచ్చి జామకాయ కొరికినట్లు చిన్న చప్పుడు ఎముకగుండా వినిపిస్తుంది. కొందరికి అదే భరించరానిదట. నాకు మాత్రం రెండు గంటలు గడిచేసరికి మెడలో తీపు మొదలైంది. కదలకుండా బోర్లా పడుకున్నందువల్ల నుదుటిమీద దిండు బండరాయిలా తోచింది. ఏ మత్తుమందూ దీనిని తీయలేదు. మధ్యమధ్య లేచి నిలబడనివ్వడమే దీనికి మందు.

మధ్యాహ్నం వెల్లకిలా తిప్పి, కనుబొమల పైన, నుదుటి పొడవునా సూదులు వేశారు. నాకు అన్నింటికంటే కటువైన ఘట్టం ఇదే. ఏడవకుండానే కళ్లవెంట నీళ్లు కారాయి. తరువాత నాలుగు గంటలపాటు పద్దెనిమిదివందల గుత్తులు నాటుతూ ఉంటే నేను నిజంగానే నిద్రపోయాను. ఆ సాయంత్రం కట్టుతో ఇంటికి వచ్చిన నన్ను చూసి మా అమ్మ అన్న మాట ఇప్పటికీ గుర్తే: "తిరుమలలో స్వామికి తలనీలాలు ఇవ్వడానికి ఒక్క మంగలి కత్తి చాలింది. వాటిని తిరిగి తెచ్చుకోవడానికి ఇన్ని సూదులట్రా?"

మందుకు ఒక హద్దు

ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించవలసి ఉన్నది. నొప్పి లేకుండా చేసే మందుకు కూడా ఒక హద్దు ఉన్నది. ప్రమాదం తలెత్తే చోట్లలో ముఖ్యమైనది ఆ హద్దే.

1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కంటిలో కొకెయిన్ చుక్కలు వేసి, రోగి మెలకువగా ఉండగానే నొప్పి తెలియకుండా శస్త్రచికిత్స చేయవచ్చునని నిరూపించాడు. కొకెయిన్ విషగుణం, వ్యసనగుణం తెలిసిన తరువాత అంతకంటే క్షేమమైన మందుకోసం వెదకులాట సాగింది. 1943లో స్వీడనులో నీల్స్ లోఫ్‌గ్రెన్ లిగ్నోకెయిన్ తయారుచేశాడు. ఆయన సహచరుడు బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ ఆ మందును తన శరీరంమీదనే ప్రయోగించి చూసుకున్నాడు. 1948లో అది బజారులోకి వచ్చింది. ఈనాటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది.

ఎంత క్షేమమైనదైనా అది మోతాదు మీరితే విషమే. రక్తనాళాలను ముడుచుకొనేట్లు చేసే ఎడ్రినలిన్ కలిపినప్పుడు, మనిషి బరువులో కిలో ఒక్కింటికి సుమారు 7 మిల్లీగ్రాములవరకు ఇవ్వవచ్చుననీ, కలపకపోతే సుమారు 4.5 మిల్లీగ్రాములనీ సాధారణంగా లెక్కిస్తారు. నా బరువు 65 కిలోలు. అంటే నా హద్దు 455 మిల్లీగ్రాములు. రెండు శాతం మందులో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములుంటాయి కనుక, అటువంటిది 23 మిల్లీలీటర్లు కూడా పట్టదు. తలంత విశాలమైన చోటికి అది చాలదు. అందుచేత వైద్యులు మందును సెలైనులో పలుచగా కలుపుతారు; నరాలు బయలుదేరే చోటనే అడ్డుకట్ట వేస్తారు; ఎన్నింటికి ఎంత ఇచ్చిందీ కాగితంమీద వ్రాసుకుంటారు. ఒకే రోజున వేలకు వేల మూలాలు నాటబోయేవాడు, మత్తు దిగిన ప్రతిసారీ మళ్లీ సూది వేయవలసి వస్తుంది. లెక్క వ్రాసేవారు లేకపోతే హద్దు ఎప్పుడు దాటిందో ఎవరికీ తెలియదు. పెదవుల చుట్టూ తిమ్మిరి, నోటిలో లోహపు రుచి, చెవులలో హోరు, తల తిరగడం మొదటి హెచ్చరికలు. వాటిని లెక్కచేయకపోతే మూర్ఛ రావచ్చును, గుండె ఆగవచ్చును. అందుకే రోగి మాట్లాడగల స్థితిలో ఉండాలి. అతని మాట వినేవారు దగ్గర ఉండాలి. ప్రాణవాయువు, అత్యవసరపు మందులు, వాటిని వాడడం తెలిసిన వైద్యుడు అదే గదిలో ఉండాలి.

ఇది ఊహించి చెప్పే భయం కాదు. 2016లో చెన్నైలో వెండ్రుకలు నాటించుకున్న ఒక యువకుడు, అతడూ వైద్యవిద్య చదువుతున్నవాడే, ఆ చికిత్స తరువాత మరణించిన వార్త దేశమంతటా పత్రికలలో వచ్చింది. 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ మార్గదర్శకాలు జారీచేస్తూ, సభలలోనో యూట్యూబులోనో చూసి నేర్చుకున్నంత మాత్రాన ఇటువంటి చికిత్సకు తగిన శిక్షణ పొందినట్లు కాదని స్పష్టం చేయవలసి వచ్చింది.

రాత్రుల సంగతి

మత్తు దిగిన తరువాత మొదటి రాత్రి సలుపు పెట్టింది. పంటి సలుపుకంటే తక్కువ, తలనొప్పికంటే ఎక్కువ. పారాసిటమాల్ బిళ్లలతో సర్దుకుంది. రక్తస్రావం పెరుగుతుందని ఆస్పిరిన్ వద్దన్నారు. అసలు కష్టం నిద్రది. నాటిన చోట దిండు తగలకుండా, వాపు దిగకుండా, రైలుప్రయాణంలోవలె సగం కూర్చుని వారంపాటు నిద్రపోవాలి. మూడవనాడు నుదుటిమీది వాపు కనురెప్పలలోకి జారి, అద్దంలో ఎవరో తేనెటీగలు కుట్టిన మనిషి కనిపించాడు. ఎక్కించిన ద్రవం క్రిందికి దిగడమే అది. రెండు మూడు రోజులలో తీసిపోయింది.

తరువాత వచ్చింది దురద. పొక్కులు కట్టి ఎండుతున్న కొద్దీ దురద; గోకరాదు. నొప్పిని ఓర్చుకున్నవాణ్ణి దురదకు ఓడిపోయేంత పని అయింది. పది రోజులలో పొక్కులు రాలిపోయినా, తల వెనుక కొంత మేర మూడు నెలలవరకు మొద్దుబారే ఉన్నది. దువ్వెన పెడితే పరాయివాడి తల దువ్వుతున్నట్లుండేది. చర్మంలోని సన్నని నరపుపోగులు తెగడమే అందుకు కారణం; అవి మెల్లగా కోలుకుంటాయి. పట్టీ కోసే పద్ధతిలో దీనికి తోడు కొన్ని వారాలు కుట్ల బిగువు ఉంటుంది. అరుదుగా కొందరికి నరాల నొప్పి చాలాకాలం నిలిచిపోవచ్చును.

మూడవ వారంలో, నాటిన వెండ్రుకలు చాలావరకు రాలిపోయాయి. అది మామూలే, మూలం లోపల బ్రతికే ఉంటుంది. వైద్యురాలు ముందే చెప్పారు. చెప్పినా ఆ ఉదయం దిండుమీద వాటిని చూసినప్పుడు కలిగినదానికి నా దగ్గర 'బాధ' తప్ప మరో మాట లేదు. నాలుగవ నెలలో నూగు మొలిచింది. పూర్తి ఫలితం తెలియడానికి సంవత్సరం పట్టింది.

మేనల్లుడికి చెప్పిన జవాబు

పైన పేర్కొన్న మెల్జాక్ 1975లో మరొక పని చేశాడు. రోగులు నొప్పిని వర్ణించడానికి వాడే మాటలను పోగుచేసి, 78 మాటలను 20 వర్గాలుగా అమర్చి ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. రోగి ఎన్నుకొనే మాటను బట్టి నొప్పి స్వభావాన్ని వైద్యుడు తెలుసుకోగలడని ఆయన నమ్మకం. మన భాషకు ఈ విషయంలో లోటేమీ లేదు. చురుకు, మంట, పోటు, సలుపు, తీపు, బిగువు, తిమ్మిరి, దురద, నలత: మన పల్లెలో చదువురాని ముసలమ్మ కూడా వీటిలో ఒకదానికి బదులు మరొకటి వాడదు. ఇంత భాష చేతిలో పెట్టుకుని నేను 'స్వల్ప అసౌకర్యం' అని వ్రాశాను.

మా మేనల్లుడికి ఈ మాటలన్నీ వరుసగా చెప్పి, "ఒరేయ్, ఇందులో ప్రాణం తీసే నొప్పి ఏదీ లేదు. చురుకు పది నిమిషాలు, సలుపు రెండు రాత్రులు, దురద పది రోజులు. ఓర్చుకోగలవు. అయితే నువ్వు నన్ను అడిగిన ప్రశ్నే అక్కడికి వెళ్లి వాళ్లను అడుగు. సూది ఎవరు వేస్తారు, ఎంత మందు వేస్తారు, నాకు తల తిరిగితే గదిలో ఎవరుంటారు అని కూడా అడుగు. నొప్పి సంగతి వాళ్లు ఎంత నిజం చెబితే మిగతావీ అంత నిజమనుకో" అన్నాను.

వాడు వెళ్లి అడిగాడు. దోమకాటంత కూడా ఉండదన్నారట. సూది వేసే మనిషి ఎవరో మాత్రం ఆ రోజునే తెలుస్తుందన్నారట. కట్టిన సొమ్ములో సగమే తిరిగి ఇచ్చారు. మిగిలిన సగం వదులుకుని వచ్చాడు.

తరువాత వాణ్ణి మా వైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్లాను. ఆవిడ వాడి తల చూసి, ఇరవైమూడేళ్లకు జుట్టు ఎంతవరకు రాలుతుందో ఇంకా తేలదనీ, ఇప్పుడు ముందు నాటితే రేపు దాని వెనుక ఖాళీ పడవచ్చుననీ, మొదట కొంతకాలం మందు వాడి చూడమనీ చెప్పారు. వాడు కొంచెం నిరాశపడ్డాడు. ఇంటికి వచ్చే దారిలో, "నొప్పి పడదామని సిద్ధమై వచ్చాను మామయ్యా" అన్నాడు.

ఆ రోజే నేను ఆవిడను అడిగి నా పాత అనువాదం తిరిగి తీసుకున్నాను. 'స్వల్ప అసౌకర్యం' కొట్టివేసి, ఆ స్థానంలో తొమ్మిది వాక్యాలు వ్రాశాను: ఏది, ఎప్పుడు, ఎంతసేపు, ఏం చేస్తే తగ్గుతుంది, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే నోరు విప్పి చెప్పాలి. ఆవిడ చదివి, "ఇది చూసి కొందరు పారిపోతారేమో" అన్నారు.

"పారిపోతారనే అనిపిస్తున్నది" అన్నాను.

ఆవిడ కాసేపు ఆలోచించి, ఆ కాగితాన్ని నర్సు చేతికిచ్చి, యాభై ప్రతులు తీయించమన్నారు. ఈసారి ప్రతిఫలం నేను అడగలేదు.